ఇరవై ఏడు చేపల మడుగు

"తెలుసు సార్" అనేశాను. నా ఖర్మ అక్కడ మొదలైంది.

గల్ఫులో డ్రైవరు పని చేసేవాడి నాలుక మీద రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి "నో ప్రాబ్లం", రెండోది "తెలుసు సార్". తెలియదంటే ఆ పని ఇంకొకడి చేతికి పోతుందని భయం. అందుకని ముందు తెలుసనేసి, తర్వాత పార్కింగులో కూర్చుని ఫోను గెలికి, తెలిసిన నలుగురినీ విసిగించి, ఎలాగోలా కనుక్కుని తీసుకెళ్ళేవాణ్ణి. పన్నెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను. పాత గడియారాలు బాగుచేసేవాడు, పిల్లికి మందిచ్చే డాక్టరు, జపాన్ బియ్యం అమ్మే కొట్టు, అన్నీ దొరికాయి. ఆ ధీమాతోనే 2022 అక్టోబరులో ఒక సాయంత్రం మా సారు వెనక సీట్లోంచి "ఇక్కడ ఎక్కడైనా పారే నీళ్ళుంటాయా? చిన్న వాగు. చేపలుండేది" అనడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తెలుసన్నాను. చుట్టూ చూస్తే ఎడారి. నోటికి అడ్డూ అదుపూ లేకపోతే ఇలాగే ఉంటుంది.

మా సారు జపాన్ ఆయన, ఇంజనీరు. అరవై దాటాయి. దుబాయ్‌లో ఒక్కడే ఉండేవాడు. నేను ఆయన కారు నడిపేవాణ్ణి. ఆ మర్నాడు ఆయన ఇంట్లోంచి మూరెడు పొడుగున్న ఒక గుడ్డ సంచి తెచ్చి చూపించాడు. అందులోంచి ఒక సన్నటి గొట్టం తీశాడు. ఒకదాంట్లోంచి ఒకటి లాగుతూ పోతే అది పన్నెండడుగుల కర్ర అయి కూర్చుంది. దారం చుట్టుకునే చక్రం గానీ మరో యంత్రం గానీ ఏమీ లేవు. కర్ర కొసకి దారం కట్టుకోవడం, దారం చివర ముల్లు, ముల్లుకి పురుగులా కనపడేటట్టు చుట్టిన ఈకా నూలూ. దీన్ని తెన్కారా అంటారట. వాళ్ళ దేశంలో కొండవాగుల్లో చేపలు పట్టే పద్ధతి. ఆయన ఎంతో గొప్పగా చెబుతుంటే నాకు నవ్వాగలేదు.

"సార్, ఇది మా ఊరి గాలం" అన్నాను.

మాది కోనసీమ. వెదురు కర్ర కొసకి దారం కట్టి, నెమలి ఈక కాడ ముక్కతో బెండు చేసి, వానపాము గుచ్చి కాలువలోకి విసరడం నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది. చక్రం లేదు, యంత్రం లేదు, అచ్చంగా ఇదే. నేను చేతులు తిప్పుతూ వచ్చీరాని ఇంగ్లీషులో అదంతా చెబితే సారు ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా నేను ఆయనకి డ్రైవర్ని. ఆ రోజునుంచి గాలం తెలిసినవాణ్ణి.

అప్పుడే అసలు సంగతి చెప్పాడు. ఆయన కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకోవడం నేను చాలా నెలలుగా చూస్తూనే ఉన్నాను. కుడిచెయ్యి వణుకుతోంది. డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పాడట. అది పోదు, పెరుగుతుంది. ఈ కర్ర కోడి ఈకంత తేలిక కాబట్టి ఇంకో చలికాలం పట్టుకోగలడు, ఆ తర్వాత నమ్మకం లేదు. కరోనా పుణ్యమా అని రెండేళ్ళు ఊరికి పోవడానికే లేకపోయింది, ఆ కర్ర బీరువాలో పడి ఉంది. వచ్చే మార్చిలో ఇక్కడి ఉద్యోగం ముగుస్తుంది, ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళ కొండల్లో ఇంకా మంచు. చేపల కాలం వచ్చేసరికి ఈ చెయ్యి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

"చెయ్యి నా మాట వింటుండగానే ఒక్కసారి" అన్నాడు. మనసులో మాట అంత సూటిగా చెప్పే మనిషి కాదు ఆయన. "నో ప్రాబ్లం సార్" అన్నాను మళ్ళీ, సిగ్గు లేకుండా.

ఆ రోజునుంచి నాకు కుదురు లేదు. డ్రైవరు బతుకులో మూడొంతులు ఎదురుచూపే. సారు మీటింగులో ఉంటాడు, మనం బేస్‌మెంటులో ఏసీ వేసుకుని కూర్చుంటాం. అంతకుముందు నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో పటం తెరిచి ఫుజైరా వైపు కొండల మీద వేలు పెట్టి పాకిస్తూ కూర్చునేవాణ్ణి. బూడిదరంగు మధ్య ఆకుపచ్చ చుక్క కనపడితే చాలు, గుండె దడదడలాడేది. దగ్గరికి లాగి చూస్తే అది ఏ ఫుట్‌బాల్ మైదానమో అయ్యేది. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. ఆదివారం సెలవు. సారు కారు నాకే వదిలేశాడు, పెట్రోలు ఆయనే పోయిస్తానన్నాడు. తెల్లారితే చాలు కాలుకాలిన పిల్లిలా బయల్దేరేవాణ్ణి.

ఒక్కణ్ణే పోవడం దేనికని దుబాయ్ సత్వా పేటలో నాతో పాటు గది పంచుకునే కుర్రాణ్ణి లాక్కెళ్ళేవాణ్ణి. కుర్రాడంటే కుర్రాడు కాదు, ముప్పై ఐదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. జగిత్యాల పక్క పల్లె. కట్టడాల్లో ఇనుము కట్టే పని. వారమంతా ఎండలో వంగి వంగి నడుం విరిగి, ఆదివారం ఒక్కపూట పడుకుందామంటే నేను వదిలేవాణ్ణి కాదు. మూడోవారానికి వాడు కారులోనే నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏందన్నా గిది? ఐతారం ఒక్కటే దొరుకుతది పండుకోనీకి. నువ్వేమో నీళ్లు నీళ్లు అనుకుంట గుట్టల పొంటి తిప్పుతున్నవ్. గీ దేశంల నీళ్లు సీసాలల్ల ఉంటయన్నా, వాగులల్ల ఉండయ్!"

"ఉంటాయిరా బాబూ. కొండుందంటే ఎక్కడో ఓచోట ఊట ఉంటాది."

"ఊట లేదు గీట లేదు. నీ సార్‌కు చెయ్యి వణుకుతున్నది, నీకు తలకాయి వణుకుతున్నది."

తిట్టేవాడు గానీ వచ్చేవాడు. వాడికీ ఆ గదిలో ఊపిరాడదు కదా.

ఇక్కడ కొండల నడుమ వాగుని వాది అంటారు. వాది అని పటంలో నీలిగీత కనపడినంత మాత్రాన నీళ్ళుంటాయని ఏం లేదు. చాలా వాటిలో రాళ్ళు తప్ప రాగిచెంబుడు నీళ్ళు లేవు. హత్తా డ్యాం దగ్గర నీళ్ళున్నాయి, కానీ దాని నిండా జనం, రంగురంగుల పడవలు, సెల్ఫీలు. సారు అక్కడ కర్ర తీస్తే చుట్టూ మూగి వీడియో తీస్తారు. ఒకచోట నిజంగా పారే నీళ్ళే కనిపించాయి, తీరా అడుగు పెడితే చేపలకన్నా పిల్లల డైపర్లు ఎక్కువున్నాయి. ఇంకొక వాది అందంగా ఉంటుందని చాలామంది చెబితే గంటన్నర వెళ్ళాం. గేటు దగ్గర మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. అది జంతువులకి వదిలేసిన చోటట, లోపలికి రానివ్వరు. "ఖలాస్, వాపస్ జావ్" అన్నాడు. మావాడు "గిది మంచి మాట చెప్పిండు" అని వెంటనే సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాడు. ప్రతి సోమవారం పొద్దున సారు కారెక్కుతూ ఏమీ అడిగేవాడు కాదు. అద్దంలో నా ముఖం చూసేవాడు, అంతే. అడిగితే బాగుండేది. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు.

ఫిబ్రవరి చివర్లో దొరికింది. ఎక్కడో రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

దారి తప్పి ఒక మట్టిరోడ్డులో కారు వెనక్కి తిప్పుతుంటే రాళ్ళ మధ్య గన్నేరు పూలు కనిపించాయి. గులాబీరంగువి, మన గుళ్ళల్లో ఉండేవే. ఎవరూ నాటినవి కావు, వాది పొడుగునా వరసగా ఉన్నాయి. ఈ ఎండలో ఎవరూ నీళ్ళు పొయ్యకుండా గన్నేరు అంత పచ్చగా ఉందంటే కింద తడి ఉన్నట్టే. కారు ఆపి ఆ వరస పట్టుకుని నడిచాను. మావాడు వెనకాల గొణుగుతూ వచ్చాడు. పావుగంట నడిచాక చెవికి చప్పుడు తగిలింది. సన్నగా, కుళాయి సరిగ్గా కట్టేయకపోతే వచ్చేటంత చప్పుడు. నేను పరిగెత్తాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తాను.

నల్లటి బండ కింద నడుంలోతు మడుగు. దానికి కాస్త ఎగువన చీలమండ మునిగేంత నీళ్ళు రెండు చోట్ల. రాతి చీలికలోంచి సన్నటి ధార ఆ మడుగులోకి జారుతోంది. వంగి చూస్తే రాళ్ళని నాకుతూ వేలంతేసి చేపలు! మా వైపు పరిగ పిల్లల్లా ఉన్నాయి గానీ కొంచెం బూడిదరంగు. "దొరికింది రోయ్!" అని అరిస్తే కొండకి తగిలి ఆ కేక తిరిగొచ్చింది. మావాడు బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి "సల్లగున్నయన్నా" అన్నాడు. వాడి కళ్ళు తడిశాయి.

దగ్గర్లో ఒక చిన్న ఖర్జూరం తోట ఉంది. దాని కాపలాదారు పఠాను, తెల్లగడ్డం. మా అరుపులకి వచ్చి, కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మా సారు కథంతా చెప్పి, తీసుకురావచ్చా అని అడిగితే, "లేకే ఆవ్ భాయ్, బేచారా బుడ్ఢా ఆద్మీ" అన్నాడు, పాపం ముసలాయన, తీసుకురమ్మని. వాళ్ళ అర్బాబుకి, అంటే తోట యజమానికి, అక్కడే ఫోను చేసి అడిగి సరేననిపించాడు కూడా.

నేను ఆ నీళ్ళలో చేపలకి ఫోటో తీసి సారుకి పంపాను. నిమిషంలో ఫోను మోగింది. అవతల మాట తడబడుతోంది. ఆయన చివరి ఆదివారాలు రెండే మిగిలాయి. ఒకటి సామాను సర్దడానికి పోయింది, రెండోది వాదికి. "ఈలోగా నువ్వొకసారి వెళ్ళి చూడు. ఆ చేప ముల్లుని పట్టుకుంటుందో లేదో. ఒక్కటి చాలు" అన్నాడు. మర్నాడు తన దగ్గరున్న రెండో కర్ర ఇచ్చాడు. ముల్లుకుండే ఎదురుముల్లు కూడా నూరేసి ఉంది, చేపకి దెబ్బ తగలకుండా ఊడిరావడానికి. "పట్టుకునే ముందు చెయ్యి తడుపుకో. పొడి చెయ్యి దానికి నిప్పులా ఉంటుంది. పట్టాక వదిలెయ్."

సరే సార్ అన్నాను. మనసులో మాత్రం నవ్వుకున్నాను. చేపని పట్టి మళ్ళీ నీళ్ళలో వదలడమేంటండి బాబూ! మా అమ్మమ్మ వింటే ఆ కర్రతోటే నా వీపు మీద రెండు వేసేది.

ఆ ఆదివారం వెళ్ళాం, నేనూ మావాడూ. ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పుకోలేకపోయిన విషయం.

మొదట సారు ఈకముల్లు వేశాను. చేప వచ్చి వాసన చూసి పోయింది. నాకు పౌరుషం వచ్చింది. మధ్యాహ్నానికని తెచ్చుకున్న ఖుబూస్ రొట్టె తుంచి ముద్ద చేసి గుచ్చాను. నీళ్ళలో పడీ పడగానే దారం గుంజింది. మా ఊళ్ళో కొట్టినట్టే ఒక్క గుంజు గుంజి తలమీదుగా వెనక గట్టు మీదికి విసిరాను. మావాడు చప్పట్లు కొట్టాడు. అప్పుడు వదిలెయ్యాలి. సారు మాట గుర్తుంది. కానీ నేను ఆ మడుగు అంచు చూశాను. రాయి మీద తెల్లటి గీత ఉంది, పోయిన వారానికి నీళ్ళు జానెడు దిగాయి.

మా వైపు ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. నీళ్ళు తగ్గిపోయి ఎక్కడెక్కడో గుంటల్లో మిగులుతాయి. ఆ గుంటల్లో చిక్కుకున్న జెల్లలూ, పరిగలూ, మట్టగిడసలూ ఎవరు పట్టుకుంటే వాళ్ళవి. పట్టకపోతే ఎండకి చచ్చి కుళ్ళి ఊరంతా కంపు. అందుకని గుంట ఖాళీ అయ్యేదాకా పట్టేస్తాం. అది తప్పు కాదు, పద్ధతి. మళ్ళీ కాలువ వదిలినప్పుడు కొత్త నీళ్ళతో కొత్త చేపలు వస్తాయి. గోదారి ఉంది కదా పైన, దానికేం తక్కువ? పుట్టినప్పట్నుంచీ నా కంటికి తెలిసింది ఆ లెక్క ఒక్కటే. దిగిపోతున్న మడుగు చూడగానే చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. "ఇవెలాగూ చచ్చేవేరా, పై నీళ్ళలో సారుకి బోల్డు ఉంటాయిలే" అన్నాను. పై నీళ్ళలోకి వెళ్ళి చూశానా? లేదు.

నాలుగు నెలలుగా లోపల పేరుకున్న ఆ తహతహంతా ఆ మధ్యాహ్నం చేతుల్లోకి వచ్చింది. ఆకలి కాదది. ఒకటి వస్తే ఇంకొకటి, అది వస్తే ఇంకొకటి. మావాడు లెక్కపెట్టాడు, ఇరవై ఏడు. ఆఖరి రెండూ రావడానికి గంట పట్టింది. అప్పుడైనా నాకు అర్థం కావాలి. సత్వా గదిలో వాడే చింతపండు పిసికి పులుసు పెట్టాడు. ముల్లు ఎక్కువ, కండ తక్కువ, మట్టివాసన. గదిలో ఉన్న ఎనిమిదిమందీ వేళ్ళు నాకారు. నేనూ తిన్నాను, ఊరు గుర్తొచ్చి రెండోసారి వేసుకుని మరీ తిన్నాను.

సోమవారం సారు అద్దంలో చూశాడు. ఈసారి నేనే నవ్వాను. "పట్టుకుంటుంది సార్" అన్నాను. ఆయన దారంతా కిటికీలోంచి చూస్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు.

ఆయన ఆఖరి ఆదివారం, ఇద్దరమే వెళ్ళాం. సారు పాత టోపీ, మోకాళ్ళదాకా బూట్లు, మెడలో చిన్న పెట్టె, అందులో స్వయంగా చుట్టుకున్న ఈకముళ్ళు. వణికే చేతులతో అవి చుట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందో. రాళ్ళ మీద నా భుజం పట్టుకుని నడిచాడు. మడుగు కనపడగానే ఆగి, టోపీ తీసి, తల వంచి నీళ్ళకి దణ్ణం పెట్టాడు. మా ఊళ్ళో గోదారికి పెట్టినట్టే. నీళ్ళు స్పష్టంగా ఉన్నాయి. అడుగున రాళ్ళు కనపడుతున్నాయి, రాళ్ళ మీద పాకుడు కనపడుతోంది. దాన్ని నాకి తినే చేపలు లేక ఆ పాకుడు దట్టంగా పెరిగింది.

సారు విసిరాడు. ఈక నీళ్ళ మీద వాలింది. కర్ర కొస సన్నగా వణుకుతుంటే నీళ్ళమీద ఈకా వణికింది. "తెన్కారాలో దీన్ని ఇలా వణికించాలి, ప్రాణం ఉన్నట్టు. నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇప్పుడు నా చెయ్యి తానే చేసేస్తోంది" అని నవ్వాడు. నేను పై నీళ్ళ దగ్గరికి పరిగెత్తాను. రెండు చోట్లా వంగి చూశాను, రాళ్ళెత్తి చూశాను. పురుగులున్నాయి, చేప పిల్ల కూడా లేదు. తిరిగొచ్చి "ఇటు వెయ్యండి సార్, అటు వెయ్యండి సార్" అంటూ మడుగు చుట్టూ తిరిగాను. ఒకచోట నిలబడలేకపోయాను. మూడు గంటలు. ఆయన ముళ్ళు మార్చాడు, చోటు మార్చాడు, మోకాళ్ళ మీద కూర్చుని వేశాడు. చెయ్యి బాగా అలిసిపోయి, ఆఖరికి ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని వేశాడు.

అప్పుడు పఠాను టీ తెచ్చాడు. మడుగులోకి చూశాడు, నన్ను చూశాడు. "మఛ్లీ కహాఁ సే ఆయేగీ భాయ్? సబ్ తో తుమ్ లే గయే" అన్నాడు. అన్నీ నువ్వే పట్టుకుపోయావు కదా, ఇంక ఎక్కణ్ణుంచి వస్తాయని. కోపం కూడా లేదు ఆ గొంతులో. నెమ్మదిగా చెప్పాడు. ఈ మడుగు దిగుతుంది గానీ ఎండదట, బండ కింద ఊట ఉందట, పాతికేళ్ళుగా చూస్తున్నాడట. చుట్టుపక్కల అన్ని చోట్లా ఎండినా ఆ కాసిని చేపలూ ఇందులో దాక్కుని బతుకుతాయి. పెద్ద వాన పడి వాది పారితే అప్పుడు పైకీ కిందికీ పాకుతాయి. ఉన్నవి అవే.

"ఏమంటున్నాడు?" అని సారు నన్నడిగాడు. ఆయనకి హిందీ రాదు.

"వాన పడితే చేపలు వస్తాయంటున్నాడు సార్" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! పన్నెండేళ్ళ అలవాటు. సారు తలూపాడు. దారం విప్పి చుట్టి, కర్రని ఒకదాంట్లోకొకటి తోసి, మెడలోని ముళ్ళ పెట్టెతో సహా సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. "నీ దగ్గరుంచు. వాన పడితే నాకు చెప్పు" అన్నాడు. మూడోరోజున విమానాశ్రయంలో దింపాను. ఆ కర్ర మా గదిలో నా మంచం కింద పెట్టుకున్నాను.

ఆయన వెళ్ళాక నాకు వేరే ఇంట్లో పని కుదిరింది, పిల్లల్ని బడికి దింపడం, తేవడం. సారు నెలకోసారి మెసేజీ పెట్టేవాడు. ఒకటే మాట, వాన పడిందా? మొదట్లో రెండు వాక్యాలుండేవి. తర్వాత ఒకటి. తర్వాత అక్షరాలు తప్పులు రావడం మొదలైంది. తర్వాత అక్షరాలే లేవు, ఒక మబ్బు బొమ్మ, పక్కన ప్రశ్నగుర్తు. అది చూసినప్పుడల్లా ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. చెప్పెయ్యాలని ఎన్నిసార్లు టైపు చేశానో, అన్నిసార్లూ చెరిపేశాను. "ఇంకా లేదు సార్" అని పెట్టేవాణ్ణి. నెలకో ఆదివారం తెలిసినవాళ్ళ కారు అడిగి తీసుకుని మడుగుకి పోయేవాణ్ణి. చినుకులు పడ్డాయి, వాది పారేంత వాన మాత్రం రాలేదు. పఠాను టీ ఇచ్చేవాడు, మడుగులోకి చూసి తల అడ్డంగా ఊపేవాడు. మావాడు ఒకసారి అననే అన్నాడు.

"చెప్పరాదన్నా ఆయనకు. తిన్నదాంట్ల నాకూ పాలుంది. నా పేరు గుడ చెప్పు."

"చెప్తే ఆయనకి మిగిలింది కూడా పోద్దిరా" అన్నాను. నిజానికి భయపడింది నా గురించే.

2024 ఏప్రిల్లో పడింది వాన. అబ్బో, అదేం వాన! దుబాయ్ రోడ్ల మీద కార్లు తేలాయి. పిల్లల బడి మూసేశారు. జనం గగ్గోలు పెడుతుంటే నేను సత్వాలో కిటికీ పట్టుకుని నిలబడి, ఇంకా పడు, ఇంకా పడు అనుకున్నాను. రోడ్లు తెరిచేదాకా పది రోజులు నాకు ముద్ద దిగలేదు. తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం మంచం కింది కర్ర సంచి తీసుకుని, మావాణ్ణి లేపకుండానే బయల్దేరాను.

వాది రూపమే మారిపోయింది. గన్నేరు చెట్లు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి, తోటగోడ కూలింది. మడుగు రెండింతలైంది. పఠాను నన్ను చూసి నవ్వి, వేలుతో నీళ్ళు చూపించాడు. బండ పక్కన మూడు, కాదు, ఐదు. నీడలోంచి ఇంకో రెండు. ఎగువన ఎక్కడ దాక్కున్నవో, వరదకి కొట్టుకొచ్చాయి. నేను రాయి మీద కూర్చుండిపోయాను. వెంటనే సారుకి వీడియో కాల్ చేశాను.

అవతల ఎవరో ఆడమనిషి ఫోను పట్టుకుని ఉంది. సారు కుర్చీలో ఉన్నాడు, సన్నబడ్డాడు. రెండు చేతులూ ఒడిలో దుప్పటి కింద ఉన్నాయి, ఆ దుప్పటి కదులుతోంది. నేను ఫోను తిప్పి నీళ్ళు చూపించాను. ఆయన ముఖం ఫోను దగ్గరికి తెచ్చాడు. "వచ్చాయి" అన్నాడు. గొంతు అరిగిపోయింది. "వాన పడితే వస్తాయన్నావు. వచ్చాయి."

ఇంక నా వల్ల కాలేదు. "సార్, అప్పుడు కూడా ఉన్నాయి. నేను తినేశాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను. మీరు వదిలెయ్యమన్నారు, నేను వదల్లేదు. మా ఊరి గుంట అనుకున్నాను. అన్నీ పట్టేశాను. ఏడుస్తూ చెప్పాను, ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. అవతల ఆ దుప్పటి ఇంకా కదులుతోంది.

"ఎన్ని?" అన్నాడు.

"ఇరవై ఏడు సార్."

"నాకు ఒక్కటి చాలేది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నేను తల దించుకుని నిలబడ్డాను. ఫోను పెట్టేస్తాడనుకున్నాను, పెట్టెయ్యలేదు. కాసేపటికి "కర్ర తెచ్చావా?" అన్నాడు. కారులోనే ఉంది. "వెయ్యి. నేను చూస్తాను."

పఠాను నా ఫోను పట్టుకున్నాడు. నేను దారం కట్టి, ఆయన పెట్టెలోని ఈకముల్లు ఒకటి కట్టి వేశాను. "వణికించు" అన్నాడు సారు. వణికించాను. "అంత కాదు." తగ్గించాను. నా చెయ్యి దానంతటదే వణుకుతోంది, ఆపుకోవడమే కష్టమైంది. ఆరోసారో ఏడోసారో దారం గుంజింది. తలమీదుగా విసరబోయి ఆగిపోయి, నెమ్మదిగా దగ్గరికి తెచ్చాను. నీళ్ళలోనే వేలంత చేప, ముల్లు చివర మెలికలు తిరుగుతోంది. ఫోను దానికి దగ్గరగా పట్టమని పఠానుకి సైగ చేశాను.

సారు దాన్ని చూశాడు. ఎంతసేపో చూశాడు.

"అది నాది" అన్నాడు. "వదిలెయ్."

నేను చెయ్యి తడుపుకుని, ముల్లు తీసి వదిలేశాను.